మందు కొట్టని దోతి

పోయిన నెల కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్ నా ముందు ఒక చొక్కా విప్పి పరిచి, గొంతు తగ్గించి, "మందు కొట్టని పత్తి సార్. ఫారిన్‌కు పోయే మాల్" అన్నాడు. ధర కూడా అదే గొంతుతో చెప్పాడు. గొంతు తగ్గించింది ధర కోసమేనని అప్పుడర్థమైంది. నేను చొక్కా అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. మెత్తగా ఉంది. అందుకే నమ్మలేదు.

మందు కొట్టని పత్తితో నేసిన బట్ట ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆరేళ్ళపాటు ఒక దండెం మీద రోజూ చూశాను. అది మెత్తగా ఉండదు. గాలికి ఊగదు. మామూలు బట్టలు గాలికి ఆరుతాయి; అది గాలిని ఆపేది. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పట్టేది. తడిసినప్పుడు దండెం మధ్యలో కుంగేది. దోతి అంచు నేలను తాకకుండా కింద ఒక ఇటుక పెట్టేవారు.

ఆ దోతి కట్టిన మనిషి పేరు చెప్పను. చెప్పినా హుస్నాబాద్‌లో ఎవరూ గుర్తుపట్టరు. మందుసారు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవారు. డెబ్బయ్యో దశకం మొదట్లో ఆయన గ్రామసేవక్. అంటే వ్యవసాయ శాఖ తరఫున సైకిలు మీద ఊరూరా తిరిగి, పత్తి పురుగుకు మందు ఎలా కలపాలో, ఎలా కొట్టాలో రైతులకు నేర్పే ఉద్యోగం. ఆ చుట్టుపక్కల మొదటి స్ప్రేయరును వీపున వేసుకున్నది ఆయనే. ఉద్యోగం మధ్యలోనే మానేశాడు గాని, పేరు మానలేదు.

ఆ పేరుతో చిక్కులుండేవి. ఒకసారి పెళ్ళి పని మీద హుజూరాబాద్ వైపు నుంచి ఇద్దరు వచ్చి, "మందుసారు ఇల్లిదేనా? జర మంచి మాల్ గావాలె" అన్నారు. ఆయన వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పత్తి మీద ఏది కొడితే ఏ పురుగు చస్తుందో, దానితో పాటు ఇంకేమేం చస్తాయో గంటసేపు చెప్పాడు. వాళ్ళు వచ్చేటప్పుడు ఏ స్థితిలో ఉన్నారో నాకు తెలియదు. పోయేటప్పుడు మాత్రం పూర్తిగా తేరుకుని పోయారు. ఆయన జన్మలో చుక్క ముట్టినవాడు కాదు.

నేను ఆ ఊరి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి చేరి, ఆయన ఇంటి వెనక భాగంలోకి కిరాయికి దిగాను. దిగే ముందు ఇంటర్వ్యూ జరిగింది. కాలేజీ వాళ్ళు కూడా నన్ను అంతసేపు అడగలేదు.

"ఏం చెప్తవు?"

"కెమిస్ట్రీ సార్."

"అట్లనా. అయితే గా ఇసం మీ శాఖదే."

"ఏ విషం సార్?"

"పత్తి మీద కొట్టేది."

"ఓ, మందా?"

ఆయన ముఖం మారింది. "సూడు లెక్చరర్ సాబ్. గోడకు మేకులు కొట్టుకో. పొయ్యి ఏడనన్న పెట్టుకో. గా మాట మాత్రం నా ఇంట్ల అనద్దు."

ఊరంతా ఏ మాటతో ఆయన్ని పిలుస్తుందో, ఆ ఒక్క మాట ఆయన ఇంట్లో నిషేధం. జ్వరం వస్తే గోలీ అనాలి. దగ్గుకు షర్బతు అనాలి. ఒంటికి రాసేది ఏదైనా సరే, నూనె. మా ఆవిడది మంథని. పుట్టింటికి వెళ్ళి, దుకాణంలో పిల్లాడికి "దగ్గు షర్బతు" అడిగితే, ఐసు వేయాలా అని అడిగారట.

రెండో నిబంధన దండేలది. పెరట్లో రెండు దండేలు. ఒకటి ఆయన బట్టలకు. రెండోది మావాటికి. కలవకూడదు. ఒకసారి వాన ముంచుకొస్తే మా ఆవిడ మంచి మనసుతో అన్నీ ఒకే చుట్టగా చుట్టి లోపలికి తెచ్చింది. ఆయన తనవి వేరు చేసుకుని, వానలోనే బావి దగ్గర కూర్చుని మళ్ళీ ఉతుక్కున్నాడు. "మా అమ్మమ్మ మడిబట్టకు సుత గింత లెక్క లేదు" అంది మా ఆవిడ.

ఆయన లెక్క ఒకటే: మందు పడిన పత్తి ఒంటి మీద వేసుకోడు. దుకాణంలో దొరికే ఏ బట్టకూ ఆ హామీ ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఇంటి వెనక, తమ్ముడి పత్తి చేనును ఆనుకుని, నాలుగు గుంటల్లో, అంటే ఎకరంలో పదో వంతులో, పాతకాలపు దేశవాళీ పత్తి వేసుకునేవాడు. పొద్దున్నే ఒక డబ్బా పట్టుకుని మొక్క మొక్కకూ వంగి పురుగులు ఏరి, తమ్ముడి కోళ్ళకు వేసేవాడు. అందుచేత ఆయన వీధిలో నడిస్తే వెనక పది పన్నెండు కోళ్ళు నడిచేవి. గ్రామసేవక్‌గా ఉన్న రోజుల్లో ఆయన వెంట అంతమంది రైతులు ఎప్పుడూ రాలేదని తమ్ముడు అనేవాడు.

పత్తి ఏరి, చేత్తో గింజ తీసి, సాయంత్రాలు అరుగు మీద రాట్నం తిప్పి నూలు తీసేవాడు. ఆ నూలు ఒకచోట దారం, ఇంకోచోట తాడు. దాన్ని పక్క ఊరి నేతగాడి దగ్గరికి తీసుకుపోతే, ఆ ముసలాయన దూరం నుంచి చూసే మగ్గం గుంటలోంచి లేచేవాడు.

"సారూ, నీ కాల్మొక్త. గిది నూలు కాదు, కొబ్బరి పీసు."

"నేసి సూడు, వస్తది."

"నేస్తె వచ్చేది దోతి కాదు సారూ. గోనె. గిది కట్టుకొని సంతకు పోకు, ధాన్యం పోస్తరు."

అయినా నేసేవాడు. ఏడాదికి ఒక దోతి, ఒక అంగీ గుడ్డ, మిగిలితే ఒక తువ్వాల. ఒక ఏడు ఆ తువ్వాల మాకు బహుమానంగా వచ్చింది. స్నానం చేసి దానితో ఒకసారి ఒళ్ళు తుడుచుకున్నాను. ఆ మీదట మా ఆవిడ దాన్ని పొయ్యి మీంచి గిన్నెలు దించడానికి వాడుకుంది. నిజం చెప్పాలంటే ఆ పనికి దానికి సాటి లేదు.

ఆయనకు భార్య లేదు, పిల్లలు లేరు. ఎదురింట్లో ఉండే తమ్ముడే సంసారం. తమ్ముడు అన్నకు పూర్తిగా ఎదురు. భారీ మనిషి, భారీ గొంతు. ఎనిమిదెకరాల పత్తి పండించేవాడు. తొడిగేది మాత్రం టెర్లిన్. "అన్నా, నీ లెక్కన నాదే పక్కా. నీ అంగీల మందు లేదు. నా అంగీల పత్తే లేదు!" అన్నాడొకసారి. మర్నాడు మందుసారు నా దగ్గరికి వచ్చి, టెర్లిన్ దేంతో చేస్తారని అడిగాడు. కిరసనాయిలు పుట్టిన చోటే దాని పుట్టుక కూడా అని చెప్పాను. తృప్తిగా తల ఊపి, ఎదురింటికి వినిపించేలా అన్నాడు: "తమ్మీ, బీడీ అంటువెట్టుకునేటప్పుడు జర పైలం!"

పత్తి పూత మొదలైందంటే అన్నదమ్ముల మధ్య ఒక నాటకం జరిగేది. తమ్ముడు డబ్బా పట్టుకుని చేనుకు పోతూ అరుగు ముందు నుంచే పోవాలి. వేరే దారి ఉంది. కాని అతను ఈ దారినే పోయేవాడు.

"చేతిల ఏందిరా?"

"మందు."

"ఏంది?"

"మందు అన్నా, మందు."

"ఒక్కపాలి ఇసం అనరా."

"అన్న."

"అనలే."

"మనసుల అన్న."

"నోటితోని అను. కొట్టద్దంటలేను, కొట్టుకో. మందు అంటే చెయ్యి అంగీకి తుడుసుకుంటవు. ఇసం అంటే కడుక్కుంటవు. గంతే ఫరకు."

"ఇసం అంటే కూలోళ్ళు రారు. మీ మరదలు చేనుకు బువ్వ తేదు. నాకు సుత పోబుద్ధి గాదు. ఊకో అన్నా."

ఈ నాటకం నేను ఆరేళ్ళు చూశాను. సంభాషణలో ఒక్క మాట మారలేదు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అర్థమైంది: ముసలాయనకు ప్రపంచంతో ఉన్న పేచీ అంతా ఆ ఒక్క మాట దగ్గరే ఆగి ఉంది. తమ్ముడి నోట ఒకసారి అది వింటే చాలు. తమ్ముడు మిగతా ఏదడిగినా చేసేవాడు.

ఒక ఏడు పురుగు విపరీతంగా పడింది. ఊరంతా అదే వాసన. ఒక పొద్దున్నే మందుసారు మా తలుపు కొట్టాడు.

"లెక్చరర్ సాబ్, ఇంట్ల దుప్పట్లు ఎన్నున్నయి?"

చుట్టాలొచ్చారనుకున్నాను. "ఐదున్నయి సార్."

"అన్నీ తే. కప్పుకున్నది సుత."

సంగతేమిటంటే, తమ్ముడు ఆనాడు అన్న మడిని ఆనుకుని ఉన్న సాళ్ళలో కొట్టబోతున్నాడు. గాలి ఇటే వీస్తోంది. ఆ మబ్బు ఈ నాలుగు గుంటల మీద పడితే ఆయన ఏడాది బట్టలు పోయినట్టే. ఆగమని అడిగితే తమ్ముడు ఆగలేడు, పురుగు ఆగదు గనక. అందుకని రెండు చేలకూ మధ్య గట్టు మీద కర్రలు పాతి దుప్పట్లు కట్టాడు. నాలుగు దుప్పట్లకే కర్రలు సరిపోయాయి. ఐదో దానికి కర్రను నేను.

వీపున పంపు తగిలించుకుని వస్తున్న తమ్ముడు మమ్మల్ని చూసి చేను మధ్యలో ఆగిపోయాడు.

"అన్నా! గిదేందే, పెండ్లికి తెరసెల్ల పట్టినట్టు పట్టిండ్రు? పిల్ల ఏదీ?"

"పిల్ల గీడనే ఉన్నది" అని మందుసారు వెనక పత్తి మొక్కలు చూపించాడు. "నువ్వు ముట్టద్దు."

"లెక్చరర్ సాబ్, సదువుకున్నోనివి! నువ్వు సుత గిదేం పని?"

"కిరాయికున్న గదనే" అన్నాను.

"కిరాయికుండుడంటే గిదా? నీళ్ళు తోడిచ్చుకునుడు సుత ఉన్నదా ఏంది?"

అతను నవ్వుతూ పంపు కొట్టడం మొదలుపెట్టాడు. దుప్పట్లు బాగానే పనిచేశాయి. దాదాపు సగం సాళ్ళు అయ్యేదాకా. అప్పుడు గాలి పెరిగింది. కర్రలు ఒక్కొక్కటే ఒరిగాయి. నా దుప్పటి నా తల మీదికే వచ్చి కప్పేసింది. అందుకని జరిగిందేమిటో నేను చూడలేదు. వాసన మాత్రం వచ్చింది. దుప్పటి తీసి చూసేసరికి మందుసారు ఒంటి మీద, మొక్కల మీద సన్నటి తుంపర మెరుస్తోంది. ఆయన ముఖం తుడుచుకోలేదు. ఒక పగిలిన కాయ ముందు వంగి, అందులోని తెల్లటి దూదిని చూస్తూ నిలబడ్డాడు. మా దుప్పట్ల సంగతి చెప్పాలంటే, పత్తిగా ఉన్నప్పుడు ఒకసారి, దుప్పట్లయ్యాక ఒకసారి, అవి మొత్తం రెండుసార్లు మందు తిన్నాయి.

ముగ్గురం బావి దగ్గర స్నానాలు చేశాం. తమ్ముడికి బాధగానే ఉంది. అతనికి బాధ కలిగితే జోకులు చెప్తాడు.

"నీకు ఎరికలేదా సాబ్, మమ్ముల కన్న అవ్వ ముచ్చట? మా అన్న గ్రామసేవక్‌గ ఉన్నప్పుడు ఊరంత తిరిగి చెప్పిండు, పురుగులకు మందొచ్చింది, మందొచ్చింది అని. మా అవ్వ ఇన్నది. అవ్వకు తలనిండ పేన్లు. పేను పురుగు కాదా మరి? అన్న ఇంట్ల పెట్టిన డబ్బ తీసింది, తలకు పట్టిచ్చింది. జరసేపటికే నోట్ల నురుగు! బస్సుల ఏసుకొని కరీంనగర్ దవాఖానకు కొంటవోయినం. నాలుగు దినాలు కండ్లు తెరవలే. తెరిసినంక ఏమన్నదో ఎరికేనా? వార్డుల ఉన్నోళ్ళందరికి చెప్తది, 'మా పెద్దోడు తెచ్చిన మందు బిడ్డా, పేన్లు సాఫ్!' సచ్చేదాక గదే చెప్పింది. పదేండ్లు!"

అతను పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మందుసారు కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్నవాడు ఆగి, చెంబు గట్టు మీద పెట్టి, తడి ఒంటితోనే లేచి వెళ్ళిపోయాడు. నవ్వును ఎలా ఆపాలో తెలియక నేను కాస్త దగ్గాను.

మందుసారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ఆయనే అన్నాడు:

"దానికి పేరు పెట్టింది నేనే సాబ్. ఆఫీసు కాయిదంల క్రిమిసంహారిణి అని ఉండె. గది ఎవలికి నోరు తిరుగుతది? నాకే తిరగలే. ఇసం అందునా అనుకున్న. ఇసమంటే ఎవలు ముట్టరని మందు అన్న. జరమొస్తె మనిషికి గోలీ, పురుగొస్తె చెట్టుకు మందు అన్న. ఒక్కనాట్ల ఊరంత పట్టుకున్నరు."

"సార్, మన దగ్గరనే కాదు, రాష్ట్రమంత గట్లనే అంటరు. మీరొక్కరే పెట్టిన పేరు కాదు."

"రాష్ట్రం సంగతి రాష్ట్రం చూసుకుంటది. మా అవ్వకు చెప్పింది నేను."

ఓదార్పుగా నాకు తెలిసిన కెమిస్ట్రీ పాఠం చెప్పాను. మిల్లులో బట్టను ఉడికిస్తారని, చలువ చేస్తారని, చేలో కొట్టినది చొక్కాదాకా మిగిలేది దాదాపు ఏమీ ఉండదని, అందుచేత ఆయన గోనె కట్టుకోనక్కర్లేదని. పాఠం బాగానే చెప్పానని ఇప్పటికీ అనుకుంటాను.

"నా పెయ్యికి అంటుతదని నేను గిది కట్టుకుంటున్ననుకున్నవా?" అన్నాడాయన. "నా అంగీ కోసమని ఎవడు ఈపుకు పంపు ఏసుకోవద్దు. గంతే. నేను నేర్పినోళ్ళు వందమంది ఉన్నరు. ఒక్క అంగీకైతె తక్కువైతది గదా."

ఆ ఏడాది పత్తి సంగతి మిగిలింది. నాలుగు చుక్కలు పడితే లెక్కలోకి రాదేమో అని నేను వకీలు పని చేశాను. "చుక్కలు లెక్కవెట్టుడు మీ కాలేజీల" అన్నాడు. పండినదంతా ఏరి, మూట కట్టి, ఎదురింటి వాకిట్లో పెట్టాడు. "నీ దాంట్ల కలుపుకో తమ్మీ. గిది సుత నీదే అయిపోయింది." ఆ ఏడు కొత్త దోతి లేదు. పాతదానికి పాత అంగీ ముక్కలు అతుకులు వేసుకుని తిరిగాడు. నేతగాడు మాత్రం ఆ ఏడు పండగ బాగా చేసుకున్నాడని విన్నాను.

మరుసటి ఏడు నుంచి ఒక చిన్న మార్పు గమనించాను. తమ్ముడు అన్న మడి పక్కన కొట్టే ముందు, పంపు, డబ్బా దూరంగా దించి, గట్టు మీదికి వచ్చి బీడీ వెలిగించేవాడు. తాగేవాడు కాదు. పొగ ఎటు పోతుందో చూసేవాడు. ఇటు వస్తే ఇంటికి వెళ్ళిపోయేవాడు. వరసగా మూడు రోజులు వెళ్ళిపోయిన సంగతి కూడా నాకు తెలుసు. ఆ మూడు రోజుల్లో పురుగు తన పని తాను చేసుకుంది. దీని గురించి అన్నదమ్ములు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అరుగు ముందు నాటకం మాత్రం యథాతథం.

"ఒక్కపాలి ఇసం అనరా."

"మనసుల అన్న."

తర్వాత నాకు కరీంనగర్ బదిలీ అయింది. రెండేళ్ళకు మందుసారును అక్కడి ఒక ఆసుపత్రికే తెచ్చారు. తమ్ముడు వెంట ఉన్నాడు. నేను వెళ్ళేసరికి డాక్టరు అడుగుతున్నాడు: "మందు అలవాటు ఉన్నదా?"

మందుసారు నీరసంగా, కాని స్పష్టంగా చెప్పాడు: "ఇడిసిపెట్టి ఇరవై ఏండ్లయింది. అంతకుముందు మాత్రం ఊరందరికి నేనే అలవాటు చేసిన."

డాక్టరు సానుభూతిగా తల ఊపి ఏదో రాసుకున్నాడు. జబ్బు గుండెది. ఆ పూటంతా వాళ్ళు కాలేయం చుట్టూ తిరిగారు. నేను విషయం వివరిస్తే డాక్టరు నన్ను కూడా అదే సానుభూతితో చూశాడు.

నాలుగు రోజులుండి ఇంటికి పోయాడు. ఇంకో వారానికి తమ్ముడు ఎవరితోనో కాలేజీకి ఫోన్ చేయించాడు. మొదటి బస్సుకే బయలుదేరాను.

వానాకాలం. వాకిట్లో జనం. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఒకే పాత అతుకుల దోతిలో ఉన్నాడట, మరదలు మిగతావన్నీ ఉతికి ఆరేసింది. చుట్టాల్లో ఒకాయన బజారుకు పోయి కప్పడానికి కొత్త తెల్లబట్ట తెచ్చాడు. మిల్లు బట్ట. మెత్తటిది, పాల మీగడలా ఉంది. దాన్ని తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడు మడత విప్పాడు. విప్పి, అట్లాగే నిలబడ్డాడు.

"గిది అద్దు" అన్నాడు.

"ఏమైందే? మంచి బట్టనే గదా" అన్నాడు తెచ్చినాయన.

"మా అన్నకు పనికిరాదు. గిది ఇసం బట్ట."

"ఇసమా? ఇసమేందే?"

తమ్ముడు బట్టను మళ్ళీ మడత పెట్టాడు. "పత్తి మీద కొడ్తం గదా. అదే. ఇసం."

బట్టను అరుగు మీద పెట్టాడు. పెట్టి, చేతులు అంగీకి తుడుచుకోబోయి, ఆగాడు. బావి దగ్గరికి పోయి, చేద వేసి నీళ్ళు తోడి, రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఆ తర్వాత పెరట్లోకి పోయి మొదటి దండెం మీది దోతి తీసుకొచ్చాడు. ఉతికి ఒకటే రోజయింది గనక ఇంకా ఆరలేదు. ఎవరో పొడిది ఏదైనా చూడమన్నారు. అతను వినిపించుకోలేదు.

మోసిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. ఆయన బక్కమనిషి. ఆ బరువంతా బట్టదే.